వీసా వచ్చేదాకా రాస్తున్నారు, అమెరికాలో దిగాక మొదటి నెల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

హెచ్-1బీ లాటరీ, వీసా స్లాట్లు, ఇంటర్వ్యూ ప్రశ్నలు. వీటి మీద తెలుగు పత్రికల్లో వార్త లేని వారం ఉండదు. మంచిదే. కానీ ఆ వీసాతో భార్యాభర్తలు పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికాలో దిగాక, మొదటి ముప్పై రోజుల్లో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలుగులో ఒకచోట కూర్చి చెప్పినవారు తక్కువ. కొత్తగా వచ్చిన కుటుంబాలకు టెక్సస్‌లో చేదోడుగా ఉండే మాకు ఏటా అవే చిక్కులు కనిపిస్తున్నాయి. చాలామటుకు అవి పనుల వరస తెలియక వచ్చినవే.

ఇక్కడ ఒక కాగితం మరో కాగితం మీద నిలబడుతుంది. అద్దె ఒప్పందం చేతికొస్తేనే బడిలో చేర్పించగలం. దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 రికార్డు సరిగ్గా ఉంటేనే, జీతానికీ పన్నుకూ వాడే సోషల్ సెక్యూరిటీ నంబరు. ఇవి కుదిరితేనే డ్రైవింగ్ లైసెన్సు. మొదట్లో ఒక్క అక్షరం తప్పినా ఆ తప్పు మిగతా వాటన్నిటిలోకీ పాకుతుంది.

మనవాళ్లకు ఆ తప్పు తరచుగా పేరు దగ్గరే మొదలవుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరూ సొంత పేరూ కలిపి గివెన్ నేమ్ గడిలో రాయించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు పేరంతటినీ సర్‌నేమ్ కింద వేసి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని ముద్రిస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలే తర్వాత లైసెన్సు మీదా, బ్యాంకు కార్డు మీదా, బీమా కార్డు మీదా పేరై కూర్చుంటాయి. ఒకచోట అలా, ఇంకోచోట మామూలుగా పడితే రెండు రికార్డులూ కలవక దరఖాస్తు ఆగిపోతుంది. వీసా దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపించుకోవాలి. పిల్లల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉన్నా, తల్లి పేరు అందులో ఒకలా పాస్‌పోర్టులో మరోలా ఉన్నా ఊళ్లో ఉండగానే దిద్దించుకోవాలి. ఇక్కడి నుంచి మున్సిపాలిటీ చుట్టూ ఎవర్ని తిప్పగలం?

సామాను గురించి రెండు మాటలు చాలు. తినే వస్తువు ఏది తెచ్చినా కస్టమ్స్ దగ్గర ఉందని చెప్పాలి. ఆవకాయ, మాగాయ, పొడులకు సాధారణంగా అడ్డు లేదు. కోడి, మేక మాంసం పచ్చళ్లు మాత్రం రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా నిషిద్ధమే. ఆ ఆకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకు సిట్రస్ గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. చెప్పి ఇచ్చేస్తే వస్తువు పోతుంది, దాచి దొరికితే జరిమానా పడుతుంది. కుటుంబమంతా కలిపి 10,000 డాలర్లకు మించి నగదు ఉంటే అదీ చెప్పాలి. మనిషికి ఇంత అని విడదీసి లెక్క చూసుకోవడం పొరపాటు.

దిగిన మర్నాడే చేయాల్సిన పని ఒకటుంది. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వారి వెబ్‌సైట్‌లో ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94నూ తీసి చూడాలి. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి ఇది కాగితం రూపంలో కాక కంప్యూటర్‌లోనే ఉంటోంది. పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి, ఎప్పటిదాకా ఉండవచ్చో ఆ తేదీ, ఈ నాలుగూ చూడండి. భార్య, పిల్లలు హెచ్-4 మీద వస్తే వారికి అదే తరగతి పడిందా? పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే, వీసా మూడేళ్లున్నా ఐ-94ను పాస్‌పోర్టు ముగిసే తేదీకే కుదించవచ్చు. ఇక్కడ ఉండే హక్కు వీసా స్టిక్కర్ మీది తేదీని బట్టి కాదు, ఐ-94 తేదీని బట్టి నడుస్తుంది. ఈ సంగతి తెలియక, కొత్త పాస్‌పోర్టు చేయించుకుని అంతా సరిపోయిందనుకుని తేదీ దాటిపోయినవాళ్లు ఉంటారు. అధికారుల వల్ల పడిన తప్పయితే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో దిద్దుతారు.

ఉద్యోగానికి వచ్చినవారు సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం దిగీ దిగగానే పరుగెత్తనక్కర్లేదు. పది రోజులు ఆగి వెళ్లమని ఆ శాఖే సలహా ఇస్తుంది. వలస రికార్డులు వారి కంప్యూటర్‌కు చేరకముందే వెళితే సరిచూడటానికి వివరాలు కనబడక దరఖాస్తు పక్కన పడుతుంది. ఎస్‌ఎస్-5 ఫారం నింపి, పాస్‌పోర్టు, ఐ-94 తీసుకెళ్లాలి. రుసుము లేదు. డబ్బు తీసుకుని చేయించిపెడతామనే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. నంబరు రాకముందే ఉద్యోగంలో చేరవచ్చు. చేరిన మూడు పనిదినాల్లోగా కంపెనీ చేయించాల్సిన, పని చేసే అర్హతను చూపే ఐ-9 ఫారానికి పాస్‌పోర్టు, ఐ-94 చాలు. పని చేసే అనుమతి లేని హెచ్-4 వారికి ఈ నంబరు ఇవ్వరు. పన్ను కోసం వారికి కావాల్సిన ఐటిన్ అనే వేరే నంబరును డబ్ల్యూ-7 ఫారంతో, మామూలుగా పన్ను రిటర్నుతో పాటే అడుగుతారు కాబట్టి అది మొదటి నెల పని కాదు.

సోషల్ సెక్యూరిటీ కార్డు తపాలాలో వస్తుంది. అపార్ట్‌మెంట్ నంబరు వదిలేసి చిరునామా రాసినా, తపాలా డబ్బాలో మీ ఇంటివాళ్ల పేర్లు లేకపోయినా వెనక్కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇంటి తాళంచెవితో పాటు తపాలా డబ్బా తాళంచెవి అడిగి తీసుకోండి. ఇంట్లో అందరి పేర్లూ చీటీ మీద రాసి డబ్బా లోపలి వైపు అంటించండి. తపాలా మనిషి చూసేది దాన్నే.

ఇక అద్దె ఇల్లు. ఈ ఉత్తరం ముఖ్యంగా దీని కోసమే. ఇక్కడ అప్పుల చరిత్ర (క్రెడిట్ హిస్టరీ) లేని కొత్తవారిని అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ చూపమంటారు, ఎక్కువ డిపాజిట్ అడుగుతారు. నెల జీతం అద్దెకు మూడింతలుండాలనే నియమం చాలాచోట్ల ఉంది. ఆ తొందరలో ఒప్పందం మీద భర్త పేరొక్కటే రాయించి, భార్యను 'ఆక్యుపెంట్' (ఇంట్లో ఉండే మనిషి మాత్రమే) అని ఒక మూల చేర్చి వదిలేస్తారు. కరెంటు ఆయన పేరు మీదే, ఇంటర్నెట్ ఆయన పేరు మీదే, బ్యాంకు ఖాతా ఆయన ఒక్కడిదే. నెల తిరిగాక ఆమె లైసెన్సుకు వెళితే చిరునామాకు రుజువులు చూపమంటారు. ఆమె పేరుతో ఒక్క కాగితమూ ఉండదు. లైసెన్సు లేక కారు లేదు, కారు లేక డాలస్ లాంటి చోట కాలు బయట పెట్టే వీలుండదు. ఊళ్లో ఉద్యోగం చేసుకుని వచ్చిన మనిషి కూరగాయలకు కూడా శనివారం దాకా ఎదురుచూస్తూ కూర్చోవడం మేం మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఆ దిగులు చాలావరకు ఒక సంతకంతో తప్పేది. ఒప్పందంలో ఇద్దరి పేర్లూ అద్దెదారులుగానే ఉండాలని మొదటి రోజే పట్టుబట్టండి. కరెంటో ఇంటర్నెట్టో ఏదో ఒకటి ఆమె పేరు మీద తీసుకోండి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా తెరవండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా పాస్‌పోర్టుతో ఖాతా తెరవడానికి చట్టం అడ్డు చెప్పదు. ఒక శాఖలో కాదంటే మరో శాఖకు వెళ్లండి.

ఇంట్లో సామాను దించకముందే గది గదికీ ఫోటోలు తీయండి. తివాచీ మీద మరకలు, గోడకు సొట్టలు, పొయ్యి, ఫ్రిజ్ లోపలి భాగం, ఏదీ వదలకండి. వాటిని అదే రోజు ఈమెయిల్లో ఆఫీసుకు పంపితే, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో పాత దెబ్బలకు కోత పెట్టలేరు. మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే ఎంత కట్టాలో ఒప్పందంలో వెతికి చదివాకే సంతకం పెట్టండి. ఉద్యోగం మారితే అక్కరకొచ్చేది ఆ పేరానే.

విమానాశ్రయంలో ఇచ్చిన చిరునామా హోటల్‌దో బంధువులదో అయితే, సొంత ఇంటికి మారిన పది రోజుల్లోగా ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా వలస శాఖకు తెలియజేయాలి. ఇంటికి ఒకటి చాలదు. పిల్లలతో సహా మనిషికొకటి. ఇది ఉచితమే, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఇక్కడికొచ్చాక పిల్లలకెవరికైనా 14 ఏళ్లు నిండితే ఆ తర్వాత ముప్పై రోజుల్లోగా మళ్లీ వారి పేరు నమోదు చేయించాలన్న నియమమూ ఉంది. పుట్టినరోజు తేదీని ముందే గుర్తుపెట్టుకోవడం మంచిది.

లైసెన్సు నియమాలు రాష్ట్రానికొక తీరు. టెక్సస్ కొత్తగా స్థిరపడ్డవారికి 90 రోజులిస్తుంది. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరచుకున్న పది రోజుల్లోనే దరఖాస్తు చేయాలి. అందుకని వేరే రాష్ట్రంలో ఉన్న అన్నయ్య చెప్పిన మాట మీ ఊళ్లో చెల్లకపోవచ్చు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇండియాలో ఆర్టీఏ ఆఫీసులోనే తీసుకుని రావాలి, ఇక్కడ ఇవ్వరు. అది లైసెన్సుకు అనువాదం లాంటిది, అసలు లైసెన్సు పక్కన లేకపోతే పనికిరాదు. లైసెన్సు ఆఫీసువారు సేవ్ అనే కేంద్ర వ్యవస్థలో మీ వలస వివరాలు సరిచూస్తారు. పేరు కలవకపోతే అక్కడే ఆగుతుంది. ఎఫ్‌ఎన్‌యూ సంగతి ముందే ఎందుకు చెప్పామో ఇప్పుడు అర్థమవుతుంది. హెచ్-4 వారిని సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగితే, అర్హత లేదని ఆ ఆఫీసు ఇచ్చే లేఖ తెచ్చి చూపాలి. చిన్న పిల్లలకు కారులో సీటు తప్పనిసరి. టెక్సస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, సీటు ఉండి తీరాలి. విమానాశ్రయం నుంచి వచ్చే మొదటి ప్రయాణానికి కూడా ఏర్పాటు చేసుకోండి. సీటు లేకపోతే క్యాబ్ డ్రైవర్ ఎక్కించుకోననవచ్చు.

ప్రభుత్వ బడి ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. కాబట్టి ఇల్లు చూసేటప్పుడే ఏ బడి కిందికి వస్తుందో చూడాలి. వీధి దాటితే బడి మారిపోతుంది. ఒప్పందం, కరెంటు బిల్లు, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, పాత బడి మార్కుల జాబితాలు కావాలి. వీసా ఏమిటని బడివారు షరతు పెట్టడానికి లేదు. టెక్సస్ నుంచే వెళ్లిన ప్లైలర్ కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, తల్లిదండ్రుల వలస పత్రాలతో సంబంధం లేకుండా పిల్లలందరికీ బడి తలుపులు తెరిచే ఉంటాయి. చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే ఫారంలో తెలుగు అనే రాయండి. ఇంగ్లీషు అని రాస్తే పిల్లవాడు ఇంగ్లీషు స్థాయి చూసే పరీక్ష రాయనక్కర్లేదని కొందరు అలా రాస్తారు. దానివల్ల అవసరమున్న పిల్లలకు రావాల్సిన అదనపు బోధన రాకుండా పోతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఆ పరీక్ష దాటితే మామూలు తరగతిలోనే కూర్చుంటారు.

బడి దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది టీకాల కార్డు. మన ప్రభుత్వ పట్టికలో తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా ఇక్కడ లెక్కలోకి రాదు. మొదటి పుట్టినరోజు నాటికో ఆ తర్వాతో వేసినదే లెక్క. పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా టీకాలే తప్ప గవదబిళ్లల టీకా ఉండదు. ఇక్కడ అడిగేది మూడూ కలిసిన ఎంఎంఆర్, రెండు డోసులు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, ఇక్కడ బడులు అడుగుతాయి. ఎంఎంఆర్, ఆటలమ్మ ఒకే రోజు వేయించాలి, లేదా మధ్యలో కనీసం 28 రోజులుండాలి. ఇరవయ్యో రోజున రెండోది వేయిస్తే అది చెల్లదు, మళ్లీ వేయించాల్సి వస్తుంది. ఇవన్నీ బయలుదేరే ముందే పిల్లల డాక్టర్ దగ్గర పూర్తి చేసుకుంటే బడి మొదటి రోజు పోదు.

తేదీలు రాసే పద్ధతి మరో గొడవ. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. 2019 జూన్ 10న పుట్టిన పాపకు 2020 నవంబరు 3న ఎంఎంఆర్ వేయించి కార్డులో 03/11/2020 అని రాశారనుకుందాం. బడి నర్సు దాన్ని మార్చి 11గా చదువుతుంది. అప్పటికి పాపకు తొమ్మిది నెలలే కాబట్టి ఆ డోసు కొట్టేస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాసి, టీకా పూర్తి పేరుతో డాక్టర్ ముద్ర వేసిన కాగితం తెచ్చుకోండి. క్షయ పరీక్ష అడిగితే, పుట్టినప్పుడు బీసీజీ వేయించామని చెప్పి రక్తపరీక్ష చేయించమనండి. బీసీజీ వల్ల చర్మపరీక్ష లేని జబ్బును ఉన్నట్టు చూపవచ్చు. రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

ఆరోగ్య బీమాలో గడువే ప్రాణం. ఉద్యోగంలో చేరిన తర్వాత సాధారణంగా ముప్పై రోజుల్లోపు కుటుంబం పేర్లు చేర్పించాలి. దాటితే సంవత్సరాంతంలో మళ్లీ తలుపు తెరిచేదాకా ఆగాల్సిందే. భర్త ముందు వచ్చి భార్యాపిల్లలు మూడు నెలల తర్వాత వచ్చే ఇళ్లలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. వారు వచ్చాక చేర్చవచ్చా, ఎన్ని రోజుల్లోగా చేర్చాలి అని కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి. అలా కుదరకపోతే, విదేశం నుంచి కొత్తగా వచ్చినవారికి ప్రభుత్వ బీమా మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది.

బీమా ఉంది కదా అని బిల్లు రాదనుకోవద్దు. డిడక్టిబుల్, అంటే బీమా డబ్బు ఇవ్వడం మొదలయ్యే ముందు మీరే కట్టాల్సిన మొత్తం, 2,000 డాలర్లు, ఆ పైన మీ వాటా 20 శాతం అనుకోండి. బీమావారు ఒప్పుకున్న బిల్లు 3,000 అయితే మొదటి 2,000 మీదే, మిగిలిన వెయ్యిలో 200 మీదే. వైద్యానికి వెళ్లే ముందు ఆ డాక్టర్ మీ బీమా నెట్‌వర్క్‌లో, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నవారిలో, ఉన్నారా అని అడగాలి. జ్వరం, చెవిపోటు, చిన్న గాయం వంటి వాటికి అర్జెంట్ కేర్ అనే క్లినిక్ చాలు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వస్తే ఆలోచించకుండా 911కు ఫోన్ చేయండి. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో డబ్బు సంగతి చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. 2022 జనవరి 1 నుంచి ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టర్లు బీమా ఉన్నవారికి అదనపు బిల్లు వేయడానికి వీల్లేదు. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సుకు మాత్రం ఆ రక్షణ లేదు. బీమా కంపెనీ నుంచి 'ఇది బిల్లు కాదు' అని ఒక కాగితం వస్తుంది. దాన్ని చూసి డబ్బు కట్టేయకండి. ఆసుపత్రి బిల్లు వచ్చాక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

పిల్లల జ్వరం మందు గురించి ఒక్క హెచ్చరిక. మన పారాసెటమాల్‌నే ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. మన దగ్గర సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ 250 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది. ఇక్కడి పిల్లల సిరప్ 160. ఇంటి నుంచి తెచ్చిన సీసాకు అలవాటైన మూతతో ఇక్కడి మందు పోస్తే మోతాదు తప్పుతుంది. బరువును బట్టి ఎన్ని మిల్లీగ్రాములో డాక్టర్‌ను అడిగి రాసుకోండి. రోజూ వాడే మందులు 90 రోజులకు మించకుండా, మందు అసలు పేరు రాసిన చీటీతో తెచ్చుకోండి.

వంటింట్లో కరెంటు 120 వోల్టులు. ఇంటి నుంచి తెచ్చిన 750 వాట్ల మిక్సీకి వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 1500 వాట్ల సామర్థ్యం ఉన్నదైతే మోటారు ఎత్తుకునేటప్పుడు తట్టుకుంటుంది. ఇస్త్రీపెట్టె తేవడం దండగ. సగం వోల్టేజీకి వేడి సగం కాదు, పావు వంతే వస్తుంది. తాళింపులో మిరపకాయలు మాడితే పొగ గంట మోగుతుంది. పొయ్యి మీది ఫ్యాన్ చాలా ఇళ్లలో పొగను బయటికి పంపకుండా వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. కిటికీ తెరిచి, మూత పెట్టి తాళింపు వేయండి కానీ ఆ గంటకు బ్యాటరీ మాత్రం తీయకండి. చెక్కతో కట్టిన ఇళ్లివి, నిప్పు వేగంగా పాకుతుంది. సింకు కింద చెత్త నూరే మోటారులోకి అన్నం, మునక్కాయ పీచు వేస్తే గొట్టం పూడుతుంది. గిన్నెలు కడిగే మిషన్‌లో చేత్తో తోమే సబ్బునీళ్లు పోస్తే నురుగు నేలంతా పొంగుతుంది, దానికి వేరే పొడి ఉంటుంది.

డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డుతో అప్పుల చరిత్ర మొదలుపెట్టవచ్చు. అప్పు తీర్చే తీరును కొలిచే ఫైకో స్కోరు పుట్టడానికి ఒక ఖాతా తెరిచి కనీసం ఆరు నెలలు కావాలి. పన్నుల శాఖ నుంచో వలస శాఖ నుంచో అంటూ ఎవరైనా ఫోన్ చేసి, అరెస్టు చేస్తామని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమంటే ఫోన్ పెట్టేయండి. ఏ ప్రభుత్వ శాఖా అలా డబ్బు అడగదు.

పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవారికి ఊరి లైబ్రరీ పెద్ద ఆసరా. చిరునామా రుజువుంటే కార్డు ఉచితం, చాలాచోట్ల ఇంగ్లీషు తరగతులు, చిన్నపిల్లలకు కథల గంట ఉంటాయి. దానికీ ఆమె పేరుతో ఒక కాగితం కావాలి.

మీ పత్రికకు మా విన్నపం ఇది. టెక్సస్‌లో బడులు ఆగస్టులో తెరుస్తారు. పేర్ల దిద్దుబాటు, టీకాలు, డ్రైవింగ్ పర్మిట్ ఊళ్లో ఉండగానే ముగించుకోవాలంటే కుటుంబాలకు ఏప్రిల్‌లోనే ఈ సంగతి తెలియాలి. అప్పుడు ఒక పూర్తి పేజీ కేటాయించండి. టీకాల పట్టికను మాత్రం అచ్చుకు ముందు పిల్లల వైద్యులొకరికి చూపించి, ఆ ఏటి నియమాలతో సరిచూసి వేయండి.

ఇట్లు,
కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు తోడ్పడే కొందరు,
డాలస్, టెక్సస్